స్టీల్ ఫ్రేమ్ అంటే ఏ స్టీల్? హార్డ్‌టెయిల్ కొనేముందు తేలాల్సిన లెక్కలు

వరంగల్ చౌరస్తా పక్కన సైకిల్ షాపులో "స్టీల్ ఫ్రేమ్ మౌంటెన్ బైక్ ఉందా?" అని అడిగితే, "స్టీల్ ఎందుకన్నా, బరువుంటది. అల్లాయ్ తీస్కో" అనే జవాబు రావడానికే ఎక్కువ అవకాశం. (షాపు భాషలో అల్లాయ్ అంటే అల్యూమినియం.) ఇదే మాట రాళ్ల బాటల్లో ఏళ్ల తరబడి తొక్కినవాళ్లను అడిగితే, "స్టీల్‌ను మించింది లేదు, మెత్తగా పోతది, జీవితాంతం ఉంటది" అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే స్టీల్ గురించి కాదు. పైగా ఇద్దరూ లోహం దగ్గరే ఆగిపోయారు. సైకిల్ బాట మీద ఎలా నడుస్తుందో ముందుగా తేల్చేది లోహం కాదు, ఫ్రేమ్ కోణాలు, పొడవులు. లోహం వంతు ఆ తర్వాతే వస్తుంది. వచ్చాక దాని ప్రభావం ఎంత అన్నదాని మీద వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

హార్డ్‌టెయిల్ అంటే, ట్రైల్ అంటే

ముందు చక్రానికి సస్పెన్షన్ ఫోర్క్ ఉండి, వెనక చక్రానికి ఏ స్ప్రింగూ లేని మౌంటెన్ బైక్‌ను హార్డ్‌టెయిల్ అంటారు. వెనక కూడా షాక్ అబ్జార్బర్ ఉంటే అది ఫుల్ సస్పెన్షన్. ఫోర్క్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి దిగుతుందో అది దాని ట్రావెల్. ఎక్కడానికి, వేగానికి చేసే క్రాస్ కంట్రీ సైకిళ్లకు సాధారణంగా 100–120 మి.మీ. ట్రావెల్ ఉంటుంది. ట్రైల్ హార్డ్‌టెయిల్‌కు 120 నుంచి 150. ఎక్కడం, దిగడం రెండూ ఒకే సైకిల్ మీద చేయాలనుకునేవాళ్ల కోసం చేసిన మధ్యరకం ఇది.

మన దగ్గర ట్రైల్ అంటే ఎలాంటి నేల? హన్మకొండ నుంచి ధర్మసాగర్ వైపు, ఇనుపరాతి గుట్టల చుట్టూ, ములుగు దారిలో కనిపించేవి ఎర్ర మొరం బాటలు, ఎడ్లబండి గాడులు, చెరువు కట్టలు, గ్రానైట్ బండలు. ఎక్కడం పొట్టిగా, నిటారుగా ఉంటుంది. దిగడమూ అంతే. ఒక గుట్టకీ ఇంకో గుట్టకీ మధ్య చదును నేల మీద తొక్కుతూ పోవాలి. గంటసేపు ఏకధాటిగా దిగే కొండలు ఇక్కడ లేవు. ఫ్రేమ్ ఎంపికలో ఈ సంగతి చాలా చోట్ల అడ్డొస్తుంది, ఎందుకంటే ట్రైల్ ఫ్రేములను గీసేవాళ్లలో ఎక్కువమంది ఉండేది బ్రిటన్, కెనడా, అమెరికా కొండల్లో. (పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల లోపలి బాటల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా తొక్కడం కుదరదు. ఇక్కడ చెప్పేది వాటి బయటి బాటల గురించి.)

షాపతని స్టీల్ వేరు, రైడర్ స్టీల్ వేరు

తక్కువ ధర గేర్ సైకిళ్లలో వాడేది హై-టెన్ స్టీల్. పేరు గట్టిగానే ఉన్నా ఇది మామూలు కార్బన్ స్టీలే. బలం తక్కువ కాబట్టి గొట్టం గోడ మందంగా పెట్టాల్సి వస్తుంది, దాంతో సైకిల్ బరువెక్కుతుంది. షాపతను "స్టీల్ బరువు" అన్నది దీని గురించే, ఆ మాట నిజమే.

ట్రైల్ ఫ్రేముల్లో వాడేది క్రోమోలీ. దీన్ని 4130 అనే నంబరుతో పిలుస్తారు. ఇందులో కార్బన్ 0.3 శాతం దగ్గర, క్రోమియం 0.8–1.1 శాతం, మాలిబ్డినం 0.15–0.25 శాతం ఉంటాయి. మిగతాదంతా దాదాపు ఇనుమే. ఆ కొద్దిపాటి మిశ్రమంతోనే బలం బాగా పెరుగుతుంది, గొట్టం గోడను ఒక మిల్లీమీటరు కంటే పలచగా చేయగలుగుతారు. కార్బన్ పెరిగితే ఉక్కు గట్టిపడుతుంది కదా, ఇంకా పెంచొచ్చు కదా అనిపించవచ్చు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఊట్జ్ ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. అలాంటి ఉక్కులో కార్బన్ 1 నుంచి 2 శాతం దాకా ఉంటుంది. కత్తి అంచు నిలవడానికి అది గొప్ప గుణం. అదే సైకిల్ గొట్టంలో ఉంటే వెల్డింగ్ పక్కన పెళుసై పగులుతుంది. మంచి స్టీల్ అన్న మాటకు పనిని బట్టే అర్థం.

అయస్కాంతం పెట్టి చూస్తే హై-టెన్ కీ అంటుకుంటుంది, క్రోమోలీకీ అంటుకుంటుంది. అల్యూమినియం కాదని తెలియడానికి తప్ప అది పనికిరాదు. చూడాల్సింది సీట్ ట్యూబ్, అంటే సీటు కింద నిలువుగా ఉండే గొట్టం, మీది చిన్న స్టిక్కర్. 4130 అనో, రెనాల్డ్స్, కొలంబస్, టాంగే లాంటి గొట్టాల కంపెనీ పేరో ఉంటే సాధారణంగా అది క్రోమోలీయో, ఆ స్థాయి మిశ్రమ ఉక్కో అయి ఉంటుంది. అక్కడా ఒక మెలిక ఉంది. కొన్ని ఫ్రేముల్లో ముందు మూడు గొట్టాలకే పేరున్న స్టీల్ వాడి, వెనక సన్న గొట్టాలకు మామూలు రకం వాడతారు. స్టిక్కర్ మీద "మెయిన్ ట్యూబ్స్" అన్న మాట ఉంటే దాని అర్థం అదే.

బటింగ్ అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. గొట్టం రెండు చివర్లా మందంగా, మధ్యలో పలచగా ఉండటమే బటింగ్. 0.9–0.6–0.9 అని రాసి ఉంటే చివర్లలో 0.9 మి.మీ., నడుమ 0.6 మి.మీ. అని. ఒత్తిడి ఎక్కువగా పడేది, వెల్డింగ్ వేడి తగిలేది చివర్లకే కాబట్టి మందం అక్కడే ఉంచి, నడుమ బరువు తీసేస్తారు. బ్రిటన్‌లో రెనాల్డ్స్ ఈ పద్ధతికి 1897లోనే పేటెంట్ తీసుకుంది. వాళ్లు 1935లో తెచ్చిన 531 గొట్టాలు దశాబ్దాల పాటు సైకిల్ లోకాన్ని ఏలాయి. మౌంటెన్ బైక్ పుట్టుక కూడా స్టీల్‌తోనే. కాలిఫోర్నియాలో జో బ్రీజ్ 1977లో కొండ బాటల కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి ఫ్రేమ్ క్రోమోలీదే.

ఇప్పటి రెనాల్డ్స్‌లో 520, 631, 725, 853 అని రకాలున్నాయి. నంబరు పెరిగేకొద్దీ సాధారణంగా తెగే బలం పెరుగుతుంది. బిగుతు పెరగదు, అంటే వంగకుండా నిలబడే గుణం మారదు. అన్ని స్టీళ్లకూ అది దాదాపు ఒకటే, 200 గిగాపాస్కల్స్ పైచిలుకు. 853 గొట్టం, 520 గొట్టం ఒకే వ్యాసం, ఒకే మందంతో ఉంటే రెండూ ఒకేలా వంగుతాయి. ఖరీదైన రకానికి ఉన్న లాభమల్లా గోడను ఇంకా పలచగా చేయవచ్చు, సొట్ట పడకుండా తట్టుకుంటుంది. "853 కాబట్టి ఫ్రేమ్ స్టిఫ్‌గా ఉంటుంది" అనే అమ్మకపు మాట వినబడితే కాస్త అనుమానించాల్సిందే.

గొట్టం లెక్క

అల్యూమినియంతో పోలిస్తే స్టీల్ సాంద్రత దాదాపు మూడింతలు. బిగుతు కూడా దాదాపు మూడింతలే. అంటే ఒకే కొలత గొట్టాలైతే స్టీల్‌ది మూడింతల బరువు, మూడింతల బిగుతు. మరి అల్యూమినియం ఎక్కడ గెలుస్తుంది? గొట్టం వ్యాసంలో. పలుచని గొట్టం బిగుతు వ్యాసానికి ఘనం చొప్పున పెరుగుతుంది, బరువు మాత్రం వ్యాసం పెరిగినంతే పెరుగుతుంది.

35 మి.మీ. వ్యాసం, 0.8 మి.మీ. గోడ ఉన్న స్టీల్ గొట్టాన్ని ఒకవైపు, 50 మి.మీ. వ్యాసం, 1.3 మి.మీ. గోడ ఉన్న అల్యూమినియం గొట్టాన్ని ఇంకోవైపు తీసుకుందాం. లెక్క కడితే అల్యూమినియం గొట్టం సుమారు 20 శాతం తేలిక, దాదాపు 1.6 రెట్లు బిగుతు. మరి స్టీల్‌నూ 50 మి.మీ. చేసేయొచ్చు కదా? చేయొచ్చు. కానీ బరువు పెరగకుండా అంత లావు చేయాలంటే గోడ 0.5 మి.మీ. దగ్గరికి దిగాలి. ఒక్క రాయి తగిలితే సొట్ట పడుతుంది. స్టీల్ ఫ్రేములు సన్నగా ఉండటానికీ, కాస్త సాగినట్టు ఉండటానికీ, కొంత బరువుండటానికీ కారణం ఇదే.

బరువు ఎంత అన్నది పెద్దగా సాగదీయాల్సిన విషయం కాదు. ట్రైల్‌కు పనికొచ్చే క్రోమోలీ ఫ్రేమ్ 2.3–3 కిలోలు, అదే తరహా అల్యూమినియం ఫ్రేమ్ 1.7–2.2 కిలోల మధ్య ఉంటుంది. తేడా 800 గ్రాములు అనుకుందాం. 70 కిలోల మనిషి, 14 కిలోల సైకిల్ కలిపి 84 కిలోలు. అందులో 800 గ్రాములంటే ఒక శాతం కూడా కాదు. ఇరవై నిమిషాలు పట్టే నిటారు ఎక్కుడులో పదకొండు పన్నెండు సెకన్ల తేడా. పోటీకి దిగేవాళ్లకు అది లెక్కే. ఆదివారం గుట్టెక్కి అవతలివైపు టీ తాగేవాళ్లకు కాదు.

"స్టీల్ మెత్తగా పోతుంది" అనే వాదన

అసలు గొడవంతా ఇక్కడే. రెండు పక్షాలకూ బలమైన కారణాలున్నాయి.

కాదనేవాళ్ల మాట ఇది. సైకిల్ వెనక భాగం త్రిభుజం. త్రిభుజాన్ని నిలువుగా నొక్కితే అది ఏ లోహానిదైనా పెద్దగా వంగదు. గతుకు నుంచి వచ్చే దెబ్బ మొదట టైరును, తర్వాత రిమ్మును, ఆ తర్వాతే ఫ్రేమ్‌ను చేరుతుంది. ఒక రాయి మీదికి ఎక్కినప్పుడు టైరు 12 మి.మీ. నొక్కుకుని, ఫ్రేమ్ ఒక మిల్లీమీటరు కదిలిందనుకుందాం. ఫ్రేమ్ ఇంకో అర మిల్లీమీటరు ఎక్కువ సాగినా మొత్తంలో వచ్చే మార్పు నాలుగు శాతం. టైరులో గాలి 30 పీఎస్ఐ నుంచి 22కి దించితే వచ్చే మార్పు అంతకు ఎన్నో రెట్లు. మెత్తటి పరుపు వేశాక కింద ఉన్నది నులక మంచమో చెక్క మంచమో వీపుకు ఎంతవరకు తెలుస్తుందన్నది వీళ్ల ప్రశ్న.

ఔననేవాళ్లు దీన్ని పూర్తిగా కొట్టేయరు. వాళ్లు చెప్పేది నిలువు కదలిక గురించి కాదు, పక్కకు వంగడం, మెలి తిరగడం గురించి. బండల మధ్య వాలుగా దిగేటప్పుడు సైకిల్ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, రాయి దెబ్బ పక్క నుంచి తగులుతుంది. అప్పుడు సన్నని చైన్‌స్టే, సీట్‌స్టేలు (వెనక చక్రాన్ని పట్టే కింది, పై గొట్టాలు) కొద్దిగా మెలి తిరిగి చక్రం నేలను వదలకుండా చూస్తాయనీ, లావుపాటి అల్యూమినియం ఫ్రేమ్ అదే చోట ఎగిరి పడుతుందనీ వాళ్ల అనుభవం. గొట్టాల లెక్కతో ఇది సరిపోతుంది కూడా. సన్న గొట్టం మెలి తిరగడంలోనూ మెతకే.

నా అంచనాలో ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. అయితే స్టీల్‌కు వచ్చే పేరులో కొంత సీట్ పోస్టుదని, అంటే సీటును మోసే కడ్డీదని మరచిపోకూడదు. పాత స్టీల్ ఫ్రేములకు 27.2 మి.మీ. సన్న పోస్టు ఉండేది. అది పొడుగ్గా బయటికి ఉంటే కూర్చున్నప్పుడు ఫ్రేమ్ కంటే అదే ఎక్కువ వంగేది. ఇప్పటి ట్రైల్ ఫ్రేములకు 30.9 లేదా 31.6 మి.మీ. డ్రాపర్ పోస్టు, అంటే బటన్ నొక్కితే సీటు కిందికి దిగే పోస్టు. అది అంతగా వంగదు. పైగా ట్రైల్‌లో దిగేటప్పుడు లేచి నిలబడి దిగుతాం, సీటు మెత్తదనానికి అక్కడ పనే లేదు.

ఇంకో చిక్కు భద్రతా పరీక్షలతో వచ్చింది. ఐఎస్ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఫ్రేమ్‌ను పెడల్ బలంతో, ముందువెనకల లాగుడుతో వేలసార్లు అలసటకు గురిచేస్తారు, బరువు వదిలి కొడతారు. ఇవి పాస్ కావాలంటే, ముఖ్యంగా పొడవైన ఫోర్క్ పెట్టుకునే ఫ్రేమ్ అయితే, కింది గొట్టం, హెడ్ ట్యూబ్ (ఫోర్క్ కాడ దూరే ముందు గొట్టం) లావెక్కాలి. ముప్పై ఏళ్ల కిందటి సన్నని స్టీల్ ఫ్రేమ్ మీద తొక్కినవాళ్లు చెప్పే సాగుడు ఇప్పటి 140 మి.మీ. ఫోర్క్ స్టీల్ ఫ్రేమ్‌లో అంతే దొరుకుతుందని అనుకోనక్కర్లేదు. కొన్ని స్టీల్ ఫ్రేములు అల్యూమినియం వాటికంటే బిగుతుగా ఉంటాయి. లోహం పేరు చూసి మెత్తదనాన్ని ఊహించలేం.

కాగితం మీది కోణం వేరు, తొక్కేటప్పటి కోణం వేరు

హెడ్ ట్యూబ్ కోణం అంటే ఫోర్క్ నేలతో చేసే కోణం. 71 డిగ్రీలైతే నిటారు, 64 అయితే వాలు. వాలు ఎక్కువైతే ముందు చక్రం దూరంగా వెళ్తుంది, దిగేటప్పుడు ధైర్యంగా ఉంటుంది. నిటారైతే ఇరుకు మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది, ఎక్కేటప్పుడు ముందు చక్రం అటూ ఇటూ ఊగదు. రీచ్ అంటే పెడళ్ల ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబ్ పైభాగం వరకు అడ్డంగా ఉన్న దూరం. స్టాక్ అదే నిలువుగా. నిలబడి తొక్కేటప్పుడు సైకిల్ మనకు ఎంత పొడుగ్గా అనిపిస్తుందో చెప్పేది రీచ్.

హార్డ్‌టెయిల్ కొనేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఈ అంకెల్ని ఫుల్ సస్పెన్షన్ అంకెలతో నేరుగా పోల్చడంలో. ఫుల్ సస్పెన్షన్ మీద కూర్చుంటే ముందు వెనకా రెండూ దిగుతాయి, కోణం పెద్దగా మారదు. హార్డ్‌టెయిల్‌లో ముందు మాత్రమే దిగుతుంది. మనిషి బరువుకే ఫోర్క్ కొంత నొక్కుకోవడాన్ని శాగ్ అంటారు.

ఒక ఫ్రేమ్ తీసుకుందాం. హెడ్ కోణం 65 డిగ్రీలు, రీచ్ 450, స్టాక్ 630, చక్రాల మధ్య దూరం 1200 మి.మీ., ఫోర్క్ 140. శాగ్ 25 మి.మీ. అనుకుంటే ముందు భాగం నిలువుగా సుమారు 23 మి.మీ. దిగుతుంది. సైకిల్ మొత్తం వెనక ఇరుసు చుట్టూ ఒక డిగ్రీ పైచిలుకు ముందుకు తిరుగుతుంది. హెడ్ కోణం 66 దాటుతుంది. సీట్ కోణం, అంటే సీట్ ట్యూబ్ నేలతో చేసే కోణం, కూడా అంతే నిటారవుతుంది. రీచ్ 12 మి.మీ. పెరిగి 462 అవుతుంది. ఇక పెద్ద బండ మీది నుంచి దిగి ఫోర్క్ 140 మి.మీ. మొత్తం వాడేసిన క్షణంలో కోణం 71 దగ్గరికి వచ్చేస్తుంది, అంటే పాత క్రాస్ కంట్రీ సైకిల్ నిలబడి ఉన్నప్పటి కోణం. సరిగ్గా ధైర్యం కావాల్సిన చోటే సైకిల్ నిటారవుతోంది.

హార్డ్‌టెయిల్‌కు కాగితం మీద 64–65 డిగ్రీలు చూసి "ఇంత వాలా?" అని భయపడనక్కర్లేదని కొందరు డిజైనర్లు అనేది ఇందుకే. అదే కారణంతో హార్డ్‌టెయిల్‌కు మరీ పొడవైన ఫోర్క్ వద్దనే పక్షమూ ఉంది. ట్రావెల్ పెరిగేకొద్దీ కోణం ఊగిసలాట పెరుగుతుంది, వెనక చక్రం మాత్రం ఎప్పటిలాగే కొడుతూ ఉంటుంది, ముందు ఇచ్చిన ధైర్యాన్ని వెనక నిలబెట్టలేదు. కొన్ని కంపెనీలు శాగ్ తర్వాతి కొలతలు ఇస్తాయి, కొన్ని శాగ్ లేకుండా ఇస్తాయి. రెండు ఫ్రేముల్ని పోల్చేముందు రెండూ ఒకే పద్ధతిలో కొలిచినవో కాదో చూడకపోతే ఒక డిగ్రీ తేడా ఊరికే పుట్టుకొస్తుంది.

120 ఫోర్క్ కోసం గీసిన ఫ్రేమ్‌కు 140 పెడితే? ముందు భాగం 20 మి.మీ. పొడవు పెరుగుతుంది, హెడ్ కోణం దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది, పెడళ్ల ఇరుసు ఆరేడు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, సీట్ కోణం వెనక్కి పడుతుంది. తొక్కడానికి అలవాటు పడొచ్చు. కానీ హెడ్ ట్యూబ్ మీద లాగుడు పెరుగుతుంది, కంపెనీ చెప్పిన హద్దు దాటితే వారంటీ పోతుంది.

ఇనుపరాతి గుట్టల లాంటి నేలకు ఈ అంకెలు ఎలా వర్తిస్తాయి? పొట్టి నిటారు ఎక్కుళ్లలో సీట్ కోణం 75–76 దగ్గర ఉంటే బరువు వెనక్కి జారకుండా ముందు చక్రం నేల మీదే ఉంటుంది. మొరంలో వెనక టైరు జారకుండా ఉండాలంటే వెనక చక్రం మన బరువు కిందికి రావాలి, అంటే చైన్‌స్టే మరీ పొడుగ్గా ఉండకూడదు. 420–435 మధ్య ఎక్కువ ఫ్రేములు ఉంటాయి. 63 డిగ్రీల వాలు ఫ్రేములు పుట్టింది పొడవైన, నిటారైన దిగుళ్ల కోసం. ఇక్కడ అలాంటి ఫ్రేమ్ దిగేటప్పుడు బాగుండే కొద్ది నిమిషాల కోసం, చెరువు కట్ట మీద, ఊళ్ల మధ్య తొక్కే గంటలన్నీ బద్ధకంగా సాగుతుంది. అయితే 69–70 డిగ్రీల పాత తరహా ఫ్రేమ్ కూడా సరైన జవాబు కాదు. బండ అంచు మీది నుంచి ముందు చక్రం దిగేటప్పుడు అది మనిషిని హ్యాండిల్ మీదికి తోస్తుంది. 65–67 మధ్య, 120–140 ఫోర్క్‌తో ఉన్నవి ఈ నేలకు దగ్గరగా ఉంటాయన్నది నా అభిప్రాయం. గుట్టల మీద దూకడాలే ప్రధానమనుకునేవాళ్లు ఇంకాస్త వాలు వైపు వెళ్తారు. వాళ్లు ఫ్రేమ్ ఏ వాడకానికి పరీక్షించారో కూడా చూస్తారు. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ వర్గీకరణలో మూడో తరగతి సైకిల్ సుమారు 60 సెం.మీ. లోపు దూకుళ్లకు, నాలుగోది 120 సెం.మీ. లోపు వాటికి.

రీచ్, డ్రాపర్

170 సెం.మీ. ఎత్తున్నవాళ్లకు మీడియం సైజుల్లో రీచ్ 430 నుంచి 460 దాకా కనిపిస్తుంది. ఏది సరిపోతుందన్నది చేతుల పొడవు, తొక్కే తీరు బట్టి మారుతుంది. సీట్ ట్యూబ్ పొడవు మాత్రం లెక్కకు లొంగుతుంది. పెడళ్ల ఇరుసు నుంచి సీటు పైభాగం వరకు మీకు 700 మి.మీ. కావాలనుకుందాం. సీటు, దాని కమ్మీలు 50 మి.మీ. తీసుకుంటాయి. మిగిలిన 650లో సీట్ ట్యూబ్ 430 అయితే డ్రాపర్‌కు 220 మి.మీ. మిగులుతుంది, పోస్టు పైకప్పు, కాలర్‌కు ఓ 50 పోతే 170 మి.మీ. దిగే పోస్టు పడుతుంది. సీట్ ట్యూబ్ 470 అయితే 125–130తో సరిపెట్టుకోవాలి. పొట్టివాళ్లకు ఈ లెక్క ఫ్రేమ్‌ను ఎంచుతుందనడం అతిశయోక్తి కాదు.

కొలతలు కలవని ఫ్రేమ్ చవకే కాదు

సెకండ్‌హ్యాండ్‌లో మంచి క్రోమోలీ ఫ్రేమ్ పది పన్నెండు వేలకు కనబడిందనుకోండి. 26 అంగుళాల చక్రాలది, వెనక చక్రం ఇరుసు చోటు 135 మి.మీ. (లివర్‌తో బిగించే క్విక్ రిలీజ్ రకం), హెడ్ ట్యూబ్ లోపల 34 మి.మీ. రకం. ఇప్పటి ట్రైల్ ఫోర్కుల కాడ కింద ఒకటిన్నర అంగుళాలు, పైన ఒకటీ ఎనిమిదో వంతు అంగుళం, టేపర్డ్ అంటారు. అది 34 మి.మీ. హెడ్ ట్యూబ్‌లో పట్టదు. నేరు కాడ ఉన్న మంచి ఫోర్క్ వెతకాలి, అది ఇప్పుడు దొరకడం కష్టం. చక్రం హబ్ వెడల్పు ముందు 110, వెనక 148 మి.మీ. (బూస్ట్ అంటారు) ఇప్పుడు మామూలు కొలతలు. పాత 135 కు కొత్త చక్రం పడదు. ఫ్రేమ్ మీద మిగిలిందంతా చక్రాలు, ఫోర్క్, డ్రాపర్ వెతకడంలో పోతుంది. హెడ్ ట్యూబ్ 44 మి.మీ. అయితే కథ వేరు. కింద బయటికి ఉండే కప్పు బిగిస్తే టేపర్డ్ ఫోర్క్ కూర్చుంటుంది. స్టీల్ ఫ్రేముల్లో 44 అంతగా కనిపించడానికి కారణం ఇదే.

బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు కూర్చునే చోటు, దగ్గర స్టీల్ ఫ్రేములకు ఒక సుఖం ఉంది. చాలావాటికి 73 మి.మీ. మరల రకమే, ప్రెస్ చేసి దూర్చే రకం కాదు. హన్మకొండలో మామూలు టూల్స్‌తో కూడా విప్పి మార్చగలరు. టైరు చోటు మాత్రం కచ్చితంగా చూడాలి. 29 అంగుళాల చక్రానికి 2.4 అంగుళాల వెడల్పు టైరు పట్టే ఫ్రేమ్‌లో బురద పట్టాక కూడా పక్కన ఖాళీ ఉండాలి. వానాకాలం నల్లరేగడి ఒక్కసారి అంటుకుంటే ఆ సందు ఎంతో అర్థమవుతుంది. తుమ్మ ముళ్లు, పల్లేరు కాయల సంగతి టైరుదే తప్ప ఫ్రేమ్‌ది కాదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నా.

తుప్పు, పగులు, వెల్డింగ్ షాపు

"జీవితాంతం ఉంటది" అనే మాటకు ఒక శాస్త్రీయ ఆధారం ఉంది. ఒక హద్దు కంటే తక్కువ ఒత్తిడి ఎన్నిసార్లు పడినా స్టీల్ అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న ఒత్తిడైనా లెక్కలేనన్నిసార్లు పడితే ఎప్పటికో పగులుతుంది. కానీ ఆ "ఎప్పటికో" చాలా దూరం ఉండేలా అల్యూమినియం ఫ్రేములను మందంగా గీస్తారు. మరోవైపు స్టీల్ ఫ్రేమ్‌లో కూడా వెల్డింగ్ పక్కన ఒత్తిడి ఆ హద్దు దాటవచ్చు. అందుకే స్టీల్ ఫ్రేములూ పగులుతాయి. సాధారణంగా నిదానంగా పగులుతాయి, రంగు కింద గీతలా కనిపించి, కిర్రుమంటూ ముందే చెబుతాయి.

పగిలితే మన వెల్డింగ్ షాపులో అతికించొచ్చా? గేట్లు, గ్రిల్స్ అతికే ఆర్క్ వెల్డింగ్‌తో 0.6 మి.మీ. గోడను ముట్టుకుంటే చిల్లు పడుతుంది. టిగ్ వెల్డింగ్ చేసే చేయి కావాలి, లేదంటే పాత సైకిళ్లకు చేసినట్టు గ్యాస్ మంట మీద ఇత్తడి పోసి అతికే పద్ధతి తెలిసినవాళ్లు. అదీ గొట్టం చివరి మందపు భాగంలో అయితేనే. అల్యూమినియం ఫ్రేమ్‌కు ఆ దారి కూడా లేనట్టే, చాలా రకాలకు అతికాక వేడి ట్రీట్‌మెంట్ చేస్తే తప్ప బలం తిరిగిరాదు. అంటే స్టీల్‌ను బాగుచేయడం సాధ్యమే, సులువు కాదు.

తుప్పు బయటి నుంచి కంటే లోపలి నుంచే ఎక్కువ హాని చేస్తుంది. వానాకాలం తర్వాత సీట్ పోస్టు బయటికి లాగి, సైకిల్ తలకిందులు చేస్తే గోధుమరంగు నీళ్లు కారడం చాలామంది చూసే ఉంటారు. కొత్త ఫ్రేమ్ లోపల తుప్పు నివారణ నూనె పట్టిస్తే అది చాలాకాలం ఆపుతుంది. సీట్ పోస్టు అల్యూమినియం, గొట్టం స్టీల్. రెండు లోహాలు తడిలో కలిసి ఉంటే పట్టేసుకుంటాయి, గ్రీజు లేకపోతే కొన్నేళ్లకు ఆ పోస్టు ఊడిరాదు. ఎండాకాలంలో చెమట ఉప్పు టాప్ ట్యూబ్ మీద కారడాన్నీ తక్కువ అంచనా వేయకూడదు.

ధర లెక్క

ట్రైల్‌కు పనికొచ్చే స్టీల్ హార్డ్‌టెయిల్ ఫ్రేములు చేసే పేర్లు ఎక్కువగా విదేశీవి. కాటిక్, సర్లీ, క్రోమాగ్, రిచీ లాంటివి. విడి ఫ్రేమ్ తెప్పించుకుంటే సుంకం ఫ్రేమ్ ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన విలువ మీద పడుతుంది. ఆ మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. ఫ్రేమ్ 40 వేలు, రవాణా 6 వేలు, సుంకం సర్‌ఛార్జ్ కలిపి 22 శాతం అనుకుందాం (అసలు రేటు తెప్పించే రోజున చూసుకోవాల్సిందే). 46 వేలు కాస్తా 56,120 అవుతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి దాని మీద ఐదు శాతం కలిపితే 58,926. పాత 12 శాతమైతే 62,854. ఇది ఒట్టి ఫ్రేమ్ ధర మాత్రమే. హెడ్‌సెట్, ఫోర్క్, చక్రాలు, బ్రేకులు విడివిడిగా కొంటే మొత్తం ఫ్రేమ్ ధరకు రెండు మూడు రెట్లు చేరడం మామూలే, అందులో ఫోర్క్ ఒక్కటే ఫ్రేమ్ అంత ఉండొచ్చు. అదే డబ్బుకు షాపులో కొత్త కొలతలున్న అల్యూమినియం హార్డ్‌టెయిల్ పూర్తిగా బిగించి వస్తుంది. దాని హెడ్ కోణం 66 దగ్గర ఉండి, రీచ్ సరిపోతే, టైరుకు చోటుంటే, షాపతను చెప్పిన "అల్లాయ్ తీస్కో" తీసిపారేయాల్సిన సలహా కాదు. దాని కోణం 69 ఉండి, వెనక 135 ఇరుసు ఉంటే మాత్రం ఆ తేలికదనం గుట్ట దిగేటప్పుడు ఎందుకూ పనికిరాదు.